బోస్నియా వెళ్తున్న మా మేనకోడలికి

అమ్మడూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు, జర్మనీలో ఎమ్మే సెలవలకి ఇంటికి రాకుండా రెండు నెలలు బోస్నియాకి వాలంటీర్‌గా వెళ్తున్నావంట, యుద్ధంలో మగాళ్ళని పోగొట్టుకున్న ఆడాళ్ళు చెప్పేది రాసుకునే పనంట. వాడికి భయం, నాకూ భయమే, కానీ ఫోన్ పెట్టేశాక అరుగు మీద కూర్చుని చాలాసేపు మురిసిపోయాను. మన అమలాపురం పిల్ల అంత దూరం వెళ్ళి ఆ పని చెయ్యడమంటే మాటలా.

వీసా, ఇన్సూరెన్స్, ఎంబసీ నంబర్ నీకు చెప్పక్కర్లేదు. ఒక్కదానికి మాత్రం నా మీద ఒట్టెయ్, రోడ్డు దిగొద్దు. 1992 నుంచి 95 దాకా యుద్ధంలో పాతిన మందుపాతరలు ఇంకా పూర్తిగా తియ్యలేదు, 2014 వరదలకి కొన్ని పాతినచోటు నుంచి కొట్టుకుపోయాయి కూడా. 86 గోదారి వరద చూసినదాన్ని, నీళ్ళు ఏది తెచ్చి ఎక్కడ పడేస్తాయో ఎవరూ చెప్పలేరు. పుర్రె బొమ్మున్న ఎర్ర బోర్డు కనబడితే వెనక్కొచ్చెయ్, బోర్డు లేకపోయినా చిన్నప్పుడు ఏటిగట్టు దిగి పరిగెట్టినట్టు పొలాల్లోకి పోకు.

ఇంక అసలు సంగతి, ఇది మీ నాన్నకి కూడా పూర్తిగా తెలీదు.

96 నవంబర్ 6 తుఫానప్పుడు నేనూ నీలాగే ఎమ్మే చదువుతున్నా. వారం తర్వాత కొంతమంది వాలంటీర్లతో బలుసుతిప్ప, భైరవపాలెం వైపు వెళ్ళా. వేటకెళ్ళిన పడవలు చాలా తిరిగి రాలేదు. శవం దొరికిన ఇంట్లో ఏడ్చారు, దొరకని ఇంట్లో బొట్టు ఉంచుకోవాలో తియ్యాలో తెలీక కూర్చున్నారు. అక్కడ ఒకావిడ, నాకంటే రెండేళ్ళు పెద్దేమో, చంకలో చంటిది, నా చెయ్యి పట్టుకుని చెప్పింది, మా ఆయన ఆ రోజు వెళ్ళనన్నాడమ్మా, పడవ యజమానే బాకీ గుర్తుచేసి పంపించాడు అని. పేరు, ఇంటిపేరు, ఏ వీధి, అన్నీ రాసుకున్నా. రాసుకోనా అని అడిగా, అది ఎక్కడ చదువుతానో మాత్రం చెప్పలేదు. తర్వాత మీటింగ్ పెడితే అందరి ముందు నిలబడి మొత్తం చదివేశా, న్యాయం చేస్తున్నా అనుకున్నా తల్లీ. ఆ యజమాని మనుషులు వెనకాలే కూర్చున్నారు. పది రోజులకి మళ్ళీ వెళ్తే ఆ పాక ఖాళీ. అప్పంతా ఒకేసారి కట్టమన్నారంట, కొట్లో అరువు ఆపించారంట, బిడ్డనేసుకుని ఎటో వెళ్ళిపోయింది. ఎటు వెళ్ళిందని అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు, ఒక ముసలమ్మైతే నన్ను చూసి తలుపేసుకుంది. ఆవిడ పేరు నాకు ఇవాళ్టికీ గుర్తే. ఇక్కడ రాయను.

అందుకే, ఎవరు చదువుతారో ఎక్కడికెళ్తుందో చెప్పాకే పెన్ను తియ్యి, పేర్లు వేరే పుస్తకంలో ఉంచు, మర్నాడొచ్చి వద్దంటే నీ రిపోర్ట్ పాడైనా సరే చింపెయ్. మాట తర్జుమా చేసేవాళ్ళు ఆ ఊరివాళ్ళేనా, వాళ్ళ ముందు ఈవిడ మనసువిప్పి మాట్లాడగలదా కనుక్కో. ఫోటోలు తీసి ఇన్‌స్టాలో పెట్టావంటే నేనే జర్మనీ వచ్చి చెవి మెలేస్తా. నువ్వు రెండు నెలలకి వచ్చేస్తావు, వాళ్ళు ఆ పక్కింటోళ్ళ మధ్యే బతకాలి. కాఫీ ఇస్తే వద్దనకు, ముందు అది తాగు, వాళ్ళు ఏం మాట్లాడకపోయినా కూర్చో.

1995 జూలైలో అక్కడి స్రెబ్రెనిత్స అనే ఊళ్ళో 8 వేలమందికి పైగా మగాళ్ళనీ కుర్రాళ్ళనీ చంపి గోతుల్లో పూడ్చి, తర్వాత ఆ గోతులు బుల్డోజర్లతో తవ్వి శవాలని వేరే చోట్లకి తరలించారు, ఒకే మనిషి ఎముకలు రెండు మూడు గోతుల్లో దొరికాయి. డీఎన్ఏ కలిస్తే, దొరికినంతవరకే తెచ్చి ఏటా జూలై 11న ఆ ఊరి దగ్గరే ఉన్న పొటోచారి శ్మశానంలో పూడుస్తారు. ఆ రోజు నువ్వూ అక్కడే ఉంటావు కదా. ఫోన్ బ్యాగులో పెట్టి వెనకాల నిలబడు, ఆ తల్లులకి అడ్డం రాకు. సాయంత్రం నాకు ఫోన్ చెయ్యి, మనకి మూడున్నర గంటలు ముందు కదా, ఎంత రాత్రయినా మెలకువగానే ఉంటా.

మీ అత్త