ఒక్కో ప్రోగ్రామ్ రెండుసార్లు తెరుచుకోవడం గురించి

పాలకొల్లు మిత్రులకు నమస్కారమండి. లినక్స్ కంప్యూటర్లలో వాడే తేలికపాటి డెస్క్‌టాప్ ఎక్స్‌ఎఫ్‌సీఈలో లాగిన్ అవ్వగానే ఫైర్‌ఫాక్స్, బిల్లుల షీటు రెండేసి వస్తున్నాయని, స్టార్టప్ జాబితాలో టిక్ తీసినా ఒక్కోటి ఇంకా వస్తూనే ఉందని రాశారు. మిషన్ పాడవ్వలేదండి. ఒకే ఇంటికి రెండు కాలవల నీళ్లొస్తుంటే మీరు ఒక తూము మాత్రమే మూశారు.

ఆ టిక్‌లున్నది ఆటోస్టార్ట్ జాబితా, అంటే లాగిన్ అవ్వగానే వాటంతటవే తెరుచుకోవాల్సినవి. రెండోది సేవ్ అయిన సెషన్: లాగౌట్ అప్పుడు తెరిచి ఉన్నవి గుర్తుపెట్టుకుని మళ్లీ తెరుస్తుంది. లాగౌట్ పెట్టెలో కింద 'సేవ్ సెషన్' టిక్ ఉంటుంది, చాలామంది చూసుకోరు.

సెట్టింగ్స్‌లో 'సెషన్ అండ్ స్టార్టప్' తెరవండి. ముందు జనరల్ ట్యాబ్‌లో ఆటోమేటిక్ సేవ్ తీసెయ్యండి, ఆ తర్వాతే పాత సెషన్లు చెరపండి. వరస తప్పితే లాగౌట్ అవ్వగానే మళ్లీ రాసేస్తుంది. చెరిపే బటన్ కనపడకపోతే లాగౌట్ అయి, టెక్స్ట్ కన్సోల్‌లో (అక్షరాలు మాత్రమే ఉండే తెర, Ctrl+Alt+F2 లాంటి మీటలతో వస్తుంది) లాగిన్ అయి, మీ హోమ్ ఫోల్డర్‌లో దాగి ఉండే డాట్ క్యాష్ (.cache) లోని సెషన్స్ (sessions) ఫోల్డర్ ఖాళీ చెయ్యండి.

మా రాజోలు రొయ్యల మేత కొట్లో ఇదే గోల. కరెంటు పోతే లాగౌట్ జరగదు కదా, ఎప్పటిదో పాత సెషనే తిరిగొచ్చేది. ఇప్పుడు కావలసినవి ఆటోస్టార్ట్‌లోనే పెట్టుకున్నాం, సెషన్ జోలికి పోవట్లేదు. నాలుగు జీబీ మెమరీకి అదే హాయి.

ఆటోస్టార్ట్ జాబితాలో బ్లూటూత్ లాంటివి వాడకపోతే టిక్ తీసెయ్యొచ్చు. నెట్‌వర్క్ ఐకాన్ మాత్రం ఉంచండి, లేకపోతే వైఫై మార్చుకోవడానికి ఇబ్బందండి.