మూడో వైరు ఊరికే పెట్టరు

ప్రశ్న: బ్లూటూత్ స్పీకర్‌కి బ్యాటరీ మార్పించాను. పాతదానికి మూడు వైర్లు, కొత్తదానికి రెండే. రిపేరు చేసినతను మూడో వైరు ఉండాల్సిన చోట చిన్న రెసిస్టర్ సోల్డర్ చేసి ఇచ్చాడు. ఛార్జింగ్ బాగానే ఎక్కుతోంది. ఫర్వాలేదా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: ఎక్కుతుందండీ, ఎందుకెక్కదు! అతను ఛార్జింగ్ చిప్ కళ్లకు గంతలు కట్టాడు. ఆ మూడో వైరు చివర, బ్యాటరీ టేపు కింద, ఆవగింజంత థర్మిస్టర్ ఉంటుంది. వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ పడిపోతుంది. ఎక్కువగా వాడే రకమైతే 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌లు, 50 దగ్గర సుమారు 4. దానికి వరసలో ఇంకో రెసిస్టర్ కలిపి, రెండింటి మధ్య వచ్చే వోల్టేజీని చిప్ చదువుతుంది. సాధారణంగా 45 డిగ్రీలు దాటితే ఛార్జింగ్ తగ్గించడమో ఆపేయడమో చేస్తుంది. సున్నాకి దిగినా ఆపుతుంది గానీ, మన వైపు ఆ బెంగ లేదు.

అతను పెట్టింది 10 కిలో ఓమ్‌లదైతే, చిప్ లెక్కలో మీ బ్యాటరీ ఎప్పుడూ 25 డిగ్రీలే. రోహిణి కార్తెలో కారు డాష్‌బోర్డు మీద పెట్టినా 25 డిగ్రీలే! లిథియం బ్యాటరీ ఆ వేడిలో ఛార్జయితే ఉబ్బుతుంది, ఖర్మ కాలితే అంటుకుంటుంది. మూడు వైర్లదే అడిగి వేయించుకోండి. దొరక్కపోతే రెసిస్టర్ తీయించి, పాత బ్యాటరీలో ఉన్న విలువ థర్మిస్టర్నే పెట్టించండి. అది బ్యాటరీ ఒంటికి ఆనుకుని ఉండాలి, గాల్లో వేలాడితే దండగ.

ప్రశ్న: రొయ్యల చెరువు నీళ్ల వేడి చూడటానికి థర్మిస్టర్‌తో చిన్న పరికరం చేశాను. సీఆర్2032 బిళ్ల బ్యాటరీ రెండు నెలలు కూడా రావడం లేదు.
– ఒక పాఠకుడు, ఇందుకూరుపేట

జవాబు: థర్మిస్టర్‌ని, దాని జోడు రెసిస్టర్‌ని నేరుగా బ్యాటరీకి కలిపినట్టున్నారు. రెండూ 10 కిలో ఓమ్‌లైతే 3 వోల్టులకు 150 మైక్రో ఆంపియర్లు రాత్రీ పగలూ కారిపోతుంటాయి. అంటే రోజుకి 3.6 ఎంఏహెచ్. బిళ్లలో ఉండేదే 220 చిల్లర. ఆ జంటలో బ్యాటరీ ప్లస్‌కి తగిలే కొసను అక్కణ్నుంచి తీసి, మైక్రోకంట్రోలర్ (మీ పరికరాన్ని నడిపే చిప్) పిన్నుకి కలపండి. పది నిమిషాలకోసారి పిన్ను ఆన్ చేసి, రీడింగ్ తీసుకుని, వెంటనే ఆపేయండి. చెరువు నీళ్లు నిమిషంలో కాగిపోవు కదా! మిగతా టైములో మైక్రోకంట్రోలర్‌నీ స్లీప్‌లో పెట్టండి. ఏడీసీ (వోల్టేజీని అంకెల్లోకి మార్చే భాగం) కొలతకి ఆధారంగా తీసుకునే రిఫరెన్సు వోల్టేజీ కూడా అదే సప్లై నుంచి ఇస్తే, బ్యాటరీ దిగుతున్నా రీడింగ్ తప్పదు.

ప్రోబ్‌కి ఎపాక్సీ బాగా పట్టించండి. ఉప్పునీళ్లు లోపలికి దిగితే రెసిస్టెన్స్ తగ్గిపోయి, ఉన్నదానికంటే ఎక్కువ వేడి చూపిస్తుంది.