పదో తరగతి తర్వాత ఇళ్లు కట్టే పని నేర్చుకోవడానికి ఐటీఐలో చేరాలా, మేస్త్రీ దగ్గర చేరాలా?

పదో తరగతి పాసైన మీ తమ్ముడు ఇళ్లు కట్టే పనిలోకి వెళ్తానంటున్నాడనీ, అతన్ని ఐటీఐలో చేర్చాలో మీ ఊరి మేస్త్రీ దగ్గరే పెట్టాలో తేలడం లేదనీ రాశారు. నేను వరంగల్‌లో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ ట్రేడు (ఇళ్ల ప్లాన్లు గీసే ఐటీఐ కోర్సు) రెండేళ్లు చదివి, ఇప్పుడు హనుమకొండ చుట్టుపక్కల సైటు సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాను. ఐటీఐలోనే చేర్చమని చెబుతాను. అయితే అక్కడ చేతిపని వస్తుందని మాత్రం ఆశపడకండి.

మా ప్రాక్టికల్ తరగతిలో సిమెంటు ఖర్చు కాకుండా బురదమట్టితోనే ఇటుకలు పేర్చేవాళ్లం. ఇంగ్లిష్ బాండు (ఒక వరుస ఇటుకలు గోడ పొడవునా, పై వరుస అడ్డంగా వచ్చే కూర్పు) సరిగా కుదిరిందో లేదో సారు చూసిన తర్వాత, సాయంత్రానికి ఆ గోడను మేమే విప్పి, ఇటుకలు కడిగి, మర్నాటి బ్యాచికి సిద్ధంగా పెట్టేవాళ్లం. వరుసల కూర్పు బుర్రకెక్కింది గాని, తాపీ పట్టిన చెయ్యి తిరగలేదు.

మొదటి సైటులోనే ఆ లోటు బయటపడింది. ప్లానులో గది వెడల్పు 12 అడుగులని చూసి, ఆ కొలత గోడల నడి గీతల మధ్యదన్న సంగతి మరిచి, గోడల బయటి అంచులకే ముగ్గు పోయించాను. 9 అంగుళాల గోడలు లేస్తే లోపల 11 అడుగుల 3 అంగుళాలు మిగలవలసిన గది 10 అడుగుల 6 అంగుళాలకు తగ్గేది. పెద్ద మేస్త్రీ దారం పట్టి చూసి, "గీత గోడ నడిమిట్ల పోతది బిడ్డా, అంచుకు కాదు" అని మళ్లీ ముగ్గు పోయించాడు. పరీక్షలో అదే ప్రశ్నకు నాకు పూర్తి మార్కులు వచ్చాయి!

అదే సైటులో 12 మిల్లీమీటర్ల రాడ్లు, ఒక్కొక్కటి 12 మీటర్లవి, 50 దిగాయి. బిల్లులో 570 కిలోలని ఉంది. రాడ్డు మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకొని, దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుందని ట్రేడు లెక్కల్లో నేర్పారు. ఆ లెక్కన మీటరుకు 0.889 కిలో, మొత్తం సుమారు 533 కిలోలు. తయారీలో కొద్దిపాటి తేడా ఉంటుంది గాని 37 కిలోల తేడా ఉండదని తూకం మళ్లీ వేయించాం, బిల్లు మారింది. ముప్ఫై ఏళ్ల అనుభవమున్న ఆ మేస్త్రీ దగ్గర ఈ లెక్క లేదు. కూలీగా చేరినవాడు సూపర్‌వైజరు కావాలంటే దాటవలసిన గడప ఇదేనని నా అభిప్రాయం.

ట్రేడు విషయానికొస్తే, ప్లంబరు, కార్పెంటరు ట్రేడులు ఏడాదివి. ఎలక్ట్రీషియన్, సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ రెండేళ్లవి. రెండేళ్ల ట్రేడు పాసైనవారు ప్రవేశ పరీక్ష రాసి పాలిటెక్నిక్ డిప్లొమా రెండో సంవత్సరంలో చేరవచ్చు కనుక, చదువు మీద ఆసక్తి ఉంటే అటే మొగ్గండి. ప్రైవేటు ఐటీఐ అయితే, ఐటీఐకే కాక మీరు కోరిన ట్రేడుకు కూడా కేంద్ర ప్రభుత్వ శిక్షణ విభాగం డీజీటీ గుర్తింపు (ఇదివరకు ఎన్‌సీవీటీ గుర్తింపు అనేవారు) ఉందో లేదో చూసుకున్నాకే ఫీజు కట్టండి. పాసయ్యాక 1961 నాటి అప్రెంటిస్‌షిప్ చట్టం కింద స్టైపెండుతో శిక్షణ దొరికితే వదులుకోవద్దు.

ఎండాకాలం సెలవుల్లో మాత్రం మీ ఊరి మేస్త్రీ దగ్గరికే పంపండి. తట్టలు మోయించడంతో సరిపెట్టకుండా, ముగ్గు పోసేనాడు, దారం కట్టేనాడు పిల్లవాణ్ని పక్కన నిలబెట్టుకోమని ఆయనతో ముందే మాట్లాడుకోండి.