ఫజ్ పెడల్ కట్టబోయే అమ్మలుకు

చి. అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

గిటార్‌కి ఫజ్ పెడల్, అంటే కాలితో నొక్కితే ధ్వనిని గరగరలాడించే పెట్టె, నువ్వే చేసుకుంటానని, తీగ మీటినప్పుడల్లా పెట్టె మీద లైట్లు వెలగాలని రాశావు. చాలా సంతోషం తల్లీ. నీకు కావలసింది నిజానికి రెండు సర్క్యూట్లు. ఒకటి పాడేది, రెండోది విని వెలిగేది. వినేది పాడేదాని జోలికి పోకూడదు. నేను రాసేదంతా దానికోసమే.

పాడేదానికి 1966లో లండన్‌లో ఆర్బిటర్ కంపెనీ వాళ్లు తెచ్చిన ఫజ్ ఫేస్ అనే పెడల్ సర్క్యూట్ పట్టుకో. ట్రాన్సిస్టర్లు రెండే. మొదట్లో వాళ్లు వాడిన జెర్మేనియం పీఎన్‌పీ రకం ట్రాన్సిస్టర్ల కోసం ఇప్పటికీ ఎందరో వెతుకుతుంటారు. నువ్వు సిలికాన్ ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్ల రకమే కట్టు. ఆ పాత రకంలో గ్రౌండ్ బ్యాటరీ ప్లస్ వైపు ఉంటుంది, మన లైట్లకేమో మైనస్ వైపు కావాలి. ఒకే 9 వోల్టుల మీద ఆ రెండూ పొసగవు. బీసీ108 ట్రాన్సిస్టర్ దొరక్కపోతే బీసీ547 పెట్టు. చదును వైపు నీకేసి తిప్పి చూస్తే దాని కాళ్లు ఎడమనుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్3904లో ఇది తిరగబడి ఉంటుంది, చూసుకో. ఇవన్నీ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి.

బోర్డు అయ్యాక రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ దగ్గర మీటర్ పెట్టు. 4.5 వోల్టుల దరిదాపుల్లో ఉండాలి. లేకపోతే 8.2కె రెసిస్టర్ తీసేసి ట్రిమ్‌పాట్ (విలువ మార్చుకోగల చిన్న రెసిస్టర్) పెట్టి, తిప్పుతూ సరిచెయ్యి. ఇది బాగా పలికేదాకా లైట్ల బోర్డు మొదలుపెట్టకు.

లైట్లకి సిగ్నల్ ఎక్కడ తీయాలన్నదే అసలు సంగతి. ఫజ్ బయటికొచ్చే చోట తీయబుద్ధేస్తుంది. వద్దు. ఫజ్ ధ్వనిని నలిపి చదును చేసేస్తుంది కాబట్టి, మెల్లగా మీటినా గట్టిగా మీటినా అక్కడ సిగ్నల్ బలం దాదాపు ఒకటే. లైటు వెలిగి అలాగే నిలబడిపోతుంది. ఫజ్‌కి ముందు తీస్తే నీ వేళ్ల బలం ఉన్నదున్నట్టు లైటుకి చేరుతుంది. కానీ పికప్ (తీగల కంపనాన్ని కరెంటుగా మార్చే భాగం) ఇచ్చే సిగ్నల్ నాజూకైనది, దానిమీద బరువు పడితే పైస్వరాలు మసకబారతాయి. అందుకే రెండు ఆంప్లిఫయర్లున్న టీఎల్072 చిప్‌లో ఒక సగాన్ని బఫర్‌గా, అంటే పికప్ మీద బరువు పడకుండా సిగ్నల్ అందుకునేలా, వాడి, దాని ఇన్‌పుట్‌కి 1 మెగా ఓమ్ పెట్టు. రెండో సగంతో సిగ్నల్ పెంచు. అక్కణ్నుంచి ఒక కెపాసిటర్ గుండా రెండు 1ఎన్4148 డయోడ్లకి ఇచ్చి, 1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ని నింపు. ఆ మొదటి కెపాసిటర్ మానేస్తే చిప్‌లోని 4.5 వోల్టులు నేరుగా వచ్చి లైటు ఆరదు. నిండినదాన్ని 100కె గుండా బీసీ547 బేస్‌కి కలుపు. సెకనులో పదో వంతుకి కాంతి తగ్గడం మొదలవుతుంది. నింపాదిగా ఆరాలనుకుంటే ఆ 1 మైక్రోఫారడ్‌ని 4.7 చెయ్యి.

ఎల్‌ఈడీలు హై బ్రైట్ రకం కొని, ఒక్కోదానికి 4.7కె రెసిస్టర్ వెయ్యి. ఒకటిన్నర మిల్లీఆంపుకే చక్కగా వెలుగుతాయి. ఒక్కోదానికి 20 మిల్లీఆంపులు ఇచ్చావంటే ఐదు లైట్లు 100 మిల్లీఆంపులు తాగుతాయి, 9 వోల్టుల బ్యాటరీ కొద్ది గంటల్లో అయిపోతుంది. ఫజ్‌కి కావలసిందేమో సుమారు ఒక్క మిల్లీఆంపే!

లైట్లు వెలిగి ఆరేటప్పుడు కరెంటు కుదుపు స్పీకర్లో టిక్కుమంటుంది. లైట్ల బోర్డుకి వెళ్లే ప్లస్ వైరులో 100 ఓమ్ పెట్టి, దాని తర్వాత గ్రౌండ్‌కి 100 మైక్రోఫారడ్ కట్టు. రెండు బోర్డుల గ్రౌండ్ వైర్లూ విడివిడిగా వచ్చి డీసీ సాకెట్ దగ్గరే కలవాలి. చాలామంది వదిలేసేది ఇదే, నువ్వు వదలకు.

పెట్టె అల్యూమినియందే తీసుకో, ప్లాస్టిక్‌లో అయితే కరెంటు హమ్ జొరబడుతుంది. డ్రిల్ చేసేటప్పుడు కళ్లజోడు తప్పనిసరి. లోపల బిగించకముందే రెండు బోర్డుల సోల్డర్ వైపు ఫోటోలు పంపు, చూసి చెబుతాను.

ఇట్లు,
పెదనాన్న