రాత్రి దొంగ ఇంట్లో దూరితే గోడ మీది కత్తి తీయవచ్చా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. టీచర్‌గా రిటైరయ్యాను. నలభై ఏండ్లుగా పాత నాణేలు కూడబెడుతున్నాను. ఎక్కువగా హాలీ సిక్కా (నిజాం కాలపు హైదరాబాద్ నాణేలు) రూపాయలు, అణాలు. సూర్యాపేట వైపు మా బంధువు పొలం దున్నుతుంటే దొరికినవి ఐదారు సీసపు నాణేలు కూడా ఉన్నాయి. ముందు గదిలో గోడకు మా ముత్తాత కత్తి, ఒక పాత భర్మారు తుపాకి (గొట్టం మూతి నుంచి మందు కూరి పేల్చేది) వేలాడుతుంటాయి. పోయిన నెల పక్క వీధిలో దొంగలు పడ్డారు. అప్పటి నుంచి నాణేలు సేకరించే మా మిత్రులందరిదీ ఇదే చర్చ. ఒకాయన ‘రాత్రిపూట ఇంట్లోకొచ్చినోణ్ని నరికినా కేసు కాదు, చట్టంలోనే ఉంది’ అంటాడు. ఇంకొకాయన కిటికీకి కరెంటు తీగ చుడతానంటున్నాడు. మూడో ఆయన ‘ఏం పట్టుకుపోయినా నిద్రపోయినట్టే ఉండండి, చెయ్యెత్తితే మనమే జైలుకు’ అంటాడు. ఎవరి మాట నిజం?

జవాబు: మొదటాయన చట్టాన్ని సగం చదివారు. రెండో ఆయన అసలు చదవలేదు. మూడో ఆయన భయం కాస్త ఎక్కువే అయినా, ఆ రాత్రి మట్టుకు ఆయన సలహాయే మీకు తక్కువ నష్టం చేస్తుంది.

2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. ఆత్మరక్షణ హక్కు అందులో 34 నుంచి 44 సెక్షన్ల దాకా ఉంటుంది. మన ప్రాణాన్నే కాదు, మన సొత్తును కాపాడుకోవడానికి కూడా ఆ హక్కు వర్తిస్తుంది. మీ మిత్రుడు చెప్పేది 41వ సెక్షన్. సొత్తు కాపాడుకునే ప్రయత్నంలో ఎదుటివాడి ప్రాణం పోయినా నేరం కాని సందర్భాలు అందులో నాలుగు రకాలున్నాయి: ఒకటి, దోపిడీ; రెండు, సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు ఇల్లు పగులగొట్టి చొరబడడం; మూడు, నివాసానికో సామాను భద్రపరచడానికో వాడే కట్టడానికి నిప్పు పెట్టడం లేదా పేలుడు పదార్థం వాడడం; నాలుగు, ఎదిరించకపోతే చావో తీవ్రగాయమో తప్పదని సహేతుకంగా భయపడే పరిస్థితిలో జరిగే దొంగతనం, విధ్వంసం, ఇంట్లో చొరబాటు. పాత ఐపీసీ 103 కూడా దాదాపు ఇదే చెప్పేది.

అయితే ‘రాత్రి ఇంట్లోకి రావడం’ వేరు, ‘ఇల్లు పగులగొట్టడం’ వేరు. 330వ సెక్షన్ ప్రకారం తాళం తీయడం, వేసి ఉన్న గడియ తెరవడం, గోడకు కన్నం వేయడం, గోడ ఎక్కి లోపలికి దిగడం, మనుషులు రాకపోకలకు వాడని సందులోంచి దూరడం, దౌర్జన్యం చేసి ప్రవేశించడం లేదా బయటపడడం వంటివి ఇల్లు పగులగొట్టడం కిందికి వస్తాయి. కిటికీ ఊచ వంచి చెయ్యి ఒక్కటే లోపలికి పెట్టినా చొరబాటుగానే లెక్క, ఒళ్లంతా రానక్కర్లేదు. ఎండాకాలంలో మీరందరూ డాబా మీద పడుకుని, కింద దర్వాజ బార్లా తెరిచి పెట్టారనుకోండి. దొంగ నడుచుకుంటూ లోపలికొస్తే అది చొరబాటే, దొంగతనమే, కానీ ఇల్లు పగులగొట్టడం కాకపోవచ్చు. అప్పుడు 41 కింద మీకు మిగిలేది నాలుగో రకమే, అంటే వాడి చేతిలో ఏముంది, మీ మీదికి వచ్చాడా అన్నది తేలాలి. రాత్రి గడియ వేసుకోవడానికి ఇది కూడా ఒక కారణం.

ఇక మీ మిత్రుడు చదవని సగం. 37వ సెక్షన్ ప్రకారం రక్షణకు అవసరమైనంత కంటే ఎక్కువ హాని చేసే హక్కు ఎవరికీ లేదు. పోలీసులను ఆశ్రయించే వ్యవధి ఉన్నప్పుడు అసలు ఆ హక్కే లేదు. 43వ సెక్షన్ దానికి గడువు కూడా పెట్టింది. రాత్రిపూట ఇల్లు పగులగొట్టి మొదలైన చొరబాటు కొనసాగుతున్నంత సేపే 41 ఇచ్చే హక్కు. వాడు మీ నాణేల ఆల్బమ్ చంకలో పెట్టుకుని ప్రహరీ దూకి వీధిలో పడ్డాడనుకోండి. వెంబడించవచ్చు, పట్టుకోవచ్చు, సొమ్ము లాక్కోవచ్చు, పెనుగులాటలో దెబ్బ తగలవచ్చు. ప్రాణం తీసే హక్కు మాత్రం చొరబాటుతోపాటే ముగిసింది. వెనక నుంచి వీపు మీద పడిన కత్తిపోటుకు కోర్టులో సమాధానం దొరకడం కష్టం. పోస్ట్‌మార్టం రిపోర్టులో గాయం ఎటువైపు, ఎంత లోతు, ఎన్ని అన్నది మొత్తం కథ చెప్పేస్తుంది.

ఆ క్షణంలో ఎంత బలం వాడాలో ఎవరూ కొలిచి కొట్టలేరన్నదీ నిజమే. దాన్ని బంగారం తూచే త్రాసులో తూచకూడదని సుప్రీంకోర్టు 1952లో అంజద్ ఖాన్ కేసులో చెప్పింది. 2010లో దర్శన్ సింగ్ కేసులో ఈ హక్కుకు సంబంధించిన సూత్రాలను వరసగా పేర్కొంటూ, ఆత్మరక్షణ వేరు, కక్ష తీర్చుకోవడం వేరని గీత గీసింది. సదుద్దేశంతోనే కాపాడుకుంటూ హద్దు దాటితే 101వ సెక్షన్‌లోని రెండో మినహాయింపు వల్ల అది హత్య కాదు. అయినా 105 కింద శిక్ష పడే నరహత్యే. ఆత్మరక్షణే అని చూపాల్సిన బాధ్యత సాక్ష్య అధినియమం (పాత సాక్ష్య చట్టం స్థానంలో వచ్చినది) 108వ సెక్షన్ ప్రకారం మీదే. ప్రాసిక్యూషన్‌లా సందేహానికి తావు లేకుండా రుజువు చేయనక్కర్లేదు, అలా జరిగి ఉండే అవకాశమే ఎక్కువ అనిపిస్తే చాలు. ఏదేమైనా ప్రాణం పోతే ఎఫ్‌ఐఆర్, శవ పంచనామా తప్పవు. ‘కేసు కాదు’ అన్న మాటను మీ మిత్రుడు వెనక్కి తీసుకుంటే మంచిది.

కరెంటు తీగ మాట మరచిపోండి. అడవిపందుల కోసం పొలం చుట్టూ పెట్టిన తీగ తగిలి మనుషులే పోయిన వార్తలు మన జిల్లాల వాళ్లకు కొత్త కాదు. ఇంటి దగ్గరా అంతే: దొంగ కంటే ముందు పాలబ్బాయి తాకుతాడు, మనవడు తాకుతాడు. చెరుబిన్ గ్రెగరీ కేసులో ఒకాయన తన మరుగుదొడ్డిని ఇతరులు వాడకుండా కరెంటు తీగ పెట్టాడు, ఒక స్త్రీ చనిపోయింది. చొరబాటుదారైనా సరే, హెచ్చరిక లేకుండా అలాంటి ఉచ్చు పెట్టే హక్కు లేదని సుప్రీంకోర్టు శిక్షను ఖాయం చేసింది. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే ఇప్పుడు సెక్షన్ 106(1) కింద ఐదేళ్ల దాకా జైలు. తెలిసే చేశారని తేలితే ఇంకా పైకి వెళ్తుంది.

మీ అసలు ఇబ్బంది దొంగ కాదు, గోడ మీది తుపాకి. ఆయుధ చట్టం 45వ సెక్షన్‌లో పాతకాలపు, పురావస్తు విలువ గల ఆయుధాలకు మినహాయింపు ఉంది. అది మరమ్మతు చేసినా చేయకున్నా కాల్చడానికి పనికిరాని వాటికే. గొట్టం చెక్కుచెదరక, గుర్రం (మీట నొక్కితే కొట్టుకునే సుత్తి భాగం) ఒక్కటే విరిగిన భర్మారును కమ్మరి ఒక పూటలో బాగు చేస్తాడు, కాబట్టి ఆ మినహాయింపు దానికి నిలవదు. లైసెన్సు లేకపోతే దాన్ని 21వ సెక్షన్ ప్రకారం పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్సున్న ఆయుధ డీలర్ దగ్గరో జమ చేసి రసీదు తీసుకోండి. వారసత్వంగా మీ పేరు మీద ఉంచుకోవాలంటే జిల్లా మేజిస్ట్రేట్‌కు, అంటే కలెక్టర్‌కు, దరఖాస్తు చేసుకోవాలి. కత్తికి వస్తే, ఆయుధ నియమాల్లో 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న అలుగులు ఆయుధాల కిందికి వస్తాయి. వంటింటి కత్తులకు, వ్యవసాయ పనిముట్లకు ఇది వర్తించదు. తుపాకులు కాని ఆయుధాలకు లైసెన్సు నోటిఫై చేసిన ప్రాంతాల్లోనే అవసరం. కాబట్టి కలెక్టరేట్‌లో ఆయుధాల లైసెన్సులు చూసే సెక్షన్‌కు ఒక అర్జీ పెట్టి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. పైగా వేలాడే కత్తిని ముందు అందుకునేది మీరు కాదు, ముందు గదిలోకి ముందు వచ్చిన దొంగే.

చప్పుడైతే పడకగది గడియ లోపలి నుంచి వేసుకోండి. లైట్లన్నీ వేసి గట్టిగా అరవండి. దొరికిపోతామన్న భయంతో పారిపోయే దొంగలే ఎక్కువ. 100కో 112కో ఫోన్ చేసి, వీధి పేరుతో పాటు గుడో, వాటర్ ట్యాంకో, ఒక గుర్తు చెప్పండి. వాకిలికి అడ్డంగా నిలబడకండి. దారి లేని దొంగే కత్తి తీస్తాడు. జనం కలిసి పట్టుకుంటే, కళ్ల ముందు జరిగిన నాన్‌బెయిలబుల్, కాగ్నిజబుల్ (వారెంటు లేకుండా అరెస్టు చేయదగ్గ) నేరం గనక నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చినది) 40వ సెక్షన్ కింద అది చట్టబద్ధమే. కానీ 6 గంటల లోపు పోలీసులకు అప్పగించాలి. చేతులు కట్టేశాక కొట్టే ప్రతి దెబ్బా కొత్త నేరం, అది మీ వీధివాళ్ల మీద పడుతుంది.

వాడు వెళ్లాక బీరువా సర్దకండి, చిందిన నాణేలు ఏరకండి. క్లూస్ టీమ్ వచ్చే దాకా ఆ గది అలాగే ఉండాలి. రాత్రి పగులగొట్టి చేసిన దొంగతనానికి న్యాయ సంహిత 331(4) కింద 14 ఏళ్ల దాకా శిక్ష ఉంది. ఆ సెక్షన్ పడాలంటే విరిగిన గడియ, వంచిన ఊచ పంచనామాలో ఉండాలి. సంతకం పెట్టే ముందు ఆ వాక్యాలు చదవండి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితం. సీసీటీవీ ఉంటే డీవీఆర్ (రికార్డు చేసే పెట్టె) పాత రికార్డింగ్ మీద మళ్లీ రాసేస్తుంది గనక అదే రోజు అప్పగించండి. కాపీ ఇస్తే సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ జత చేయాలి.

సేకరించేవాళ్ల కేసులు చాలావరకు పోయేది ఇక్కడే: ‘వెండి నాణేలు సుమారు 200’ అని ఫిర్యాదు రాస్తారు. పోలీసులు దొంగ దగ్గర 180 పట్టుకుంటారు. అవి మీవేనని ఎలా చెబుతారు? చార్మినార్ బొమ్మ రూపాయి ఒకటి చూస్తే ఇంకొకటి చూసినట్టే. ప్రతి నాణేనికి రెండు వైపులా పక్కనే స్కేలు పెట్టి ఫోటో, 0.01 గ్రాము చూపే చిన్న త్రాసు మీద బరువు, హిజ్రీ సంవత్సరం, పాలనా సంవత్సరం, అంచు మీద గీత, కంసాలి వేసిన గాటు, ఉంగరానికి అతికించి తీసిన మచ్చ రాసి పెట్టండి. ఆ మచ్చే మీ సాక్షి. ఒక కాపీ ఊరు బయట ఉన్న కొడుకు దగ్గరో బిడ్డ దగ్గరో ఉంచండి, ఆల్బమ్‌తో పాటు జాబితా కూడా పోతే ఏం లాభం? సొత్తు దొరికాక కోర్టులో నాగరిక సురక్షా సంహిత 497 కింద మధ్యంతర కస్టడీ పిటిషన్ వేయాలి. ఫోటోలు తీసి యజమానికి త్వరగా అప్పగించాలన్నది 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసు నుంచి ఉన్న మాట. అప్పుడు కూడా మీ జాబితాయే ఆధారం.

ఖరీదైనవి బ్యాంకు లాకర్‌లో పెట్టాలనుకుంటే ఒక లెక్క చూసుకోండి. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం దొంగతనం జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది లాకర్ అద్దెకు 100 రెట్లకే పరిమితం. అద్దె 2,000 అయితే 2 లక్షలు. చాలా గృహ బీమా పాలసీల్లో నాణేలు, పురావస్తువులు విడిగా చూపి విలువ కట్టించకపోతే కవర్ కావు. పాలసీ కాగితంలో మినహాయింపుల పేజీ ముందు చదవండి.

ఇక ఆ సీసపు నాణేలు. 2024లో సూర్యాపేట జిల్లా ఫణిగిరి తవ్వకాల్లో కుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి, అవి ప్రభుత్వ పురావస్తు శాఖ చేతిలో ఉన్నాయి. పొలంలో దొరికిన నిధి సంగతి జిల్లా కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలని చట్టం. మీ మిత్రులు తమను తాము ‘కలెక్టర్లం’ అనుకున్నా, ఆ కాగితం అందుకోవాల్సింది కలెక్టరేట్‌లో కూర్చున్నాయనే. రేపు దొంగతనం ఫిర్యాదులో ఆ నాణేలు రాస్తే ఎక్కడివని అడుగుతారు, రాయకపోతే దొరికినా మీకు రావు. జాబితా మొదలుపెట్టే ముందే మీ బంధువుతో ఆ అర్జీ పెట్టించండి.