కొత్త వార్డు కట్టబోయే మా అబ్బాయికి

చిరంజీవికి,

మీ ట్రస్టు నడిపే ఆసుపత్రికి పక్కనే సర్కారు ఇంకొంత స్థలం ఇస్తోందని, డయాలసిస్ వార్డు, సీటీ స్కాన్ పెట్టబోతున్నారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమైంది. నల్లగొండ నుంచి హైదరాబాద్‌కు వంద కిలోమీటర్లు పరుగెత్తే తిప్పలు కొందరికైనా తప్పుతాయి. సర్కారు దవాఖానాల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి కనుక నాలుగు మాటలు రాస్తున్నా.

స్థలం వాళ్లది, మిషన్లు మనవి అని నోటిమాటగా అనుకుంటే చాలదు. వారంటీ అయిపోయాక రిపేరు ఎవరు చేయించాలి, జనరేటర్ డీజిల్ ఖర్చు ఎవరిది, అన్నీ ఒప్పందంలో రాయించుకో. నేను పనిచేసిన ఒకచోట ఈ పంచాయితీ తెగక ఎక్స్‌రే మిషన్ నెలల తరబడి దుప్పటి కప్పుకుని పడి ఉంది. రోగులేమో బయట డబ్బు కట్టి తీయించుకున్నారు.

2007లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మన పక్క మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబరులో పరిమితి 10 లక్షలైంది. పథకం మంచిదే, కానీ బిల్లుల డబ్బు చేతికి రావడానికి టైం పడుతుంది. నర్సుల జీతాలు అంతవరకు ఆగవు కదా. కొన్ని నెలల జీతాలు పక్కన పెట్టుకున్నాకే కొత్త మంచాలు వేయి.

డయాలసిస్ దగ్గర మాత్రం నీళ్ల మీదే నీ కన్నుండాలి. ఒక మనిషికి నాలుగు గంటల డయాలసిస్‌కు దాదాపు 120 లీటర్ల శుద్ధి చేసిన నీళ్లు కావాలి. మన బోర్లలో ఫ్లోరైడ్ సంగతి నీకు కొత్త కాదు. తాగే నీళ్ల లెక్క వేరు. ఇక్కడ ఆ నీటికీ రక్తానికీ మధ్య అడ్డు పలుచని పొర ఒక్కటే. ఆర్వో ప్లాంటు పెట్టిన రోజు టెస్టు చేయించి ఊరుకోవద్దు. ఎండాకాలంలో బోరు అడుగంటితే నీళ్ల గుణం మారిపోతుంది. వచ్చిన ప్రతి రిపోర్టూ వార్డు గోడకు అంటించు, టెక్నీషియన్ కంట పడాలి.

ఇంకోటి, ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం. చందంపేట, డిండి వైపు తండాల నుంచి వచ్చేవాళ్లు పొద్దున్నే బయల్దేరినా దేవరకొండలో బస్సు మారి నీ గేటు దగ్గరికి వచ్చేసరికి ఓపీ లైను బారెడు ఉంటుంది. పాలిథిన్ కవర్లో పాత చీటీలు, రేషన్ కార్డు పట్టుకుని నిలబడతారు. రక్తపరీక్ష రిపోర్టు సాయంత్రం ఇస్తామంటే ఆఖరి బస్సు పోతుంది, ఆ రాత్రి వరండాలోనే పడక. దూరం నుంచి వచ్చినవాళ్ల శాంపిల్ ముందు తీయించు, రిపోర్టు మధ్యాహ్నానికల్లా చేతిలో పెట్టించు. డబ్బు కట్టేవాళ్లకు ఒక కౌంటరు, కార్డువాళ్లకు ఇంకో కౌంటరు అని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకు. స్థలం ప్రజలది.

ఒప్పందం డ్రాఫ్టు సంతకానికి ముందే నాకు పంపు. చదివి, అనుమానం ఉన్నచోట పెన్సిల్‌తో గీసి పంపుతా.

ఆశీస్సులతో,
మీ పెద్దబాపు