మూడు రకాల విద్యారుణాలు: మాకు ఏది వర్తిస్తుంది?

ప్రశ్న: మా అమ్మాయికి కన్వీనర్ కోటాలో బీటెక్ సీటొచ్చింది. ఫీజు ఏడాదికి లక్షన్నర. నా జీతం ఏడాదికి 3.9 లక్షలు, కుట్టుపని మీద మా ఆవిడకు లక్ష దాకా వస్తుంది. ఒక బ్యాంకులో పీఎం విద్యాలక్ష్మి అంటున్నారు, ఇంకో బ్యాంకులో వడ్డీ అంతా కేంద్రమే కడుతుందన్నారు. తాకట్టు పెట్టడానికి మాకేమీ లేదు. ఏది తీసుకోవాలి?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: చదువుకునే కాలానికీ, ఆపై మరో ఏడాదికీ వడ్డీ అంతా కేంద్రం కట్టే స్కీము (సీఎస్‌ఐఎస్) మీకు రాదు. దానికి ఆదాయ పరిమితి 4.5 లక్షలు. మీ జీతం ఒక్కటే చూస్తే లోపలే ఉన్నారు గానీ, లెక్కలోకి వచ్చేది కుటుంబ ఆదాయం. ఇద్దరిదీ కలిపితే 4.9 లక్షలు. తహసీల్దార్ ఇచ్చే ఆదాయ ధ్రువపత్రంలో మీ ఆవిడ సంపాదన దాచొద్దు, తర్వాత బయటపడితే అసలుకే మోసం.

ఇక విద్యాలక్ష్మి. 2024 నవంబరులో కేంద్ర కేబినెట్ ఆమోదించింది. తాకట్టు, హామీదారు అక్కర్లేదు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపుంటే, 10 లక్షల వరకు అప్పు మీద 3 శాతం వడ్డీ రాయితీ. అది చదువుకునే కాలానికీ, ఆపై మరో ఏడాదికీ మాత్రమే. ఈఎంఐలు మొదలయ్యాక వడ్డీ మొత్తం మీదే. అయితే కాలేజీ పేరు కేంద్రం ప్రకటించే జాబితాలో ఉండాలి. ఎన్‌ఐఆర్‌ఎఫ్ (విద్యాసంస్థలకు కేంద్రం ఇచ్చే) ర్యాంకులను బట్టి ఏటా తయారయ్యే ఆ జాబితాలో మొదట 860 సంస్థలున్నాయి. మన చుట్టుపక్కల ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలు చాలావాటికి అందులో చోటు లేదు. కాబట్టి బ్యాంకు మెట్లెక్కే ముందు పీఎం విద్యాలక్ష్మి పోర్టల్‌లో కాలేజీ పేరు వెతకండి. జాబితాలో ఉన్నా రాయితీ ఖాయం అనుకోకండి: ఏడాదికి లక్ష మందికే ఇస్తారు, ప్రభుత్వ సంస్థల విద్యార్థులకూ వృత్తివిద్యా కోర్సులకూ ముందు వరస. వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ పొందేవారికి ఈ రాయితీ ఉండదు. మేనేజ్‌మెంట్ కోటా సీటైతే ఈ స్కీమే వర్తించదు.

రాయితీ విలువ ఎంతో లెక్కేద్దాం. వడ్డీ 10 శాతం అనుకోండి. ఏటా లక్షన్నర చొప్పున నాలుగుసార్లు విడుదలైతే అసలు 6 లక్షలు. చదువు నాలుగేళ్లు, ఆపై ఏడాది కలిపి ఐదేళ్ల మారటోరియంలో (ఈఎంఐ కట్టనక్కర్లేని గడువులో) బారువడ్డీ 2.1 లక్షలవుతుంది. అది అసలుకు చేరితే 8.1 లక్షలు, పదేళ్లకు ఈఎంఐ సుమారు 10,700. రాయితీ వస్తే 63,000 తగ్గి, ఈఎంఐ 9,870 దగ్గర ఆగుతుంది.

కాలేజీ జాబితాలో లేకపోతే మిగిలేది బ్యాంకుల మామూలు విద్యారుణం. 7.5 లక్షల దాకా కేంద్రం గ్యారంటీ నిధి కింద తాకట్టు లేకుండానే ఇస్తారు. 4 లక్షలు దాటితే ఖర్చులో 5 శాతం మీరు పెట్టుకోవాలి. వడ్డీ రాయితీ ఏమీ ఉండదు.

రెండు చోట్ల జాగ్రత్త. మీరు సహ రుణగ్రహీత అవుతారు కనుక మీ పాత బాకీల చరిత్ర చూస్తారు. సిబిల్ రిపోర్టు ముందే తీసి చూసుకోండి. మంజూరు పత్రంలో స్కీము పేరు రాసి ఉందో లేదో చదివాకే సంతకం పెట్టండి. మామూలు విద్యారుణంగా నమోదైతే తర్వాత ఎంత తిరిగినా రాయితీ రావడం కష్టం.

ప్రశ్న: కోర్సు నడుస్తుండగానే వడ్డీ కడితే లాభమేనా?
- ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: కడితే మంచిదే, వడ్డీ అసలుకు చేరి అప్పు పెరగదు. మధ్యలో ఆపకుండా కట్టేవారికి కొన్ని బ్యాంకులు 1 శాతం వడ్డీ తగ్గిస్తాయి, అడగండి. కానీ ఆదాయపు పన్ను లెక్కలో చిన్న మెలిక ఉంది: 80ఈగా పిలిచే విద్యారుణ వడ్డీ మినహాయింపు పాత పన్ను విధానంలోనే, అదీ వడ్డీ కట్టడం మొదలుపెట్టిన ఏడాది నుంచి ఎనిమిదేళ్లే. చదువు రోజుల్లోనే మొదలుపెడితే ఆ ఎనిమిదిలో నాలుగైదేళ్లు వడ్డీ తక్కువగా ఉన్న కాలానికే ఖర్చయిపోతాయి. మీకు పన్ను కట్టేంత ఆదాయం లేకపోతే ఈ మెలిక పట్టించుకోనక్కర్లేదు.